జంప్ సర్వరు బాధ్యత తీసుకున్న మేనకోడలికి

విశాఖపట్నం

చి. చిట్టికి,



మీ ఆఫీసులో జంప్ సర్వరు బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంగా ఉన్నావట, రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదట. నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. సగం ఆదేశాల గురించి, సగం మనుషుల గురించి అడిగావు. ఆదేశాలు మాన్యువల్‌లో దొరుకుతాయి, మనుషుల సంగతి అందులో ఉండదు. అందుకే ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. దాచుకుని తీరిగ్గా చదువుకో.

మొత్తం ఉత్తరానికి ప్రాణం లాంటి మాట ముందే చెప్పేస్తాను. జంప్ సర్వరులో ఎవడైనా దోచుకోదగ్గది ఏమీ ఉండకూడదు. దాని లాగ్‌లో మాత్రం లోపలికి వెళ్లినవాళ్ల లెక్క అంతా ఉండాలి. పెట్టె ఖాళీ, చిట్టా నిండు. ఇక మీద ఏ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా ఈ రెంటిలో దేనికి మేలు, దేనికి కీడు అని ఆలోచించు. సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

లోపలి సర్వర్లన్నిటికీ జంప్ సర్వరు ఒక్కదాని గుండానే వెళ్లాలనే ఈ ఏర్పాటు ఎందుకుందో నీకు స్పష్టంగా తెలియాలి. లేకపోతే "ఈ గొడవంతా ఎందుకమ్మా, నా సర్వరుకో పబ్లిక్ ఐపీ ఇచ్చెయ్" అని ఎవరైనా అడిగినప్పుడు నీళ్లు నములుతావు. ఇంటర్నెట్‌కు 22వ పోర్టు తెరిచి ఒక కొత్త సర్వరు పెట్టి చూడు. ఎక్కువసేపు పట్టదు, రూట్, అడ్మిన్, టెస్ట్ అనే పేర్లతో లాగిన్ ప్రయత్నాలు వరసగా లాగ్‌లో పడుతుంటాయి. అవన్నీ రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రాములు. వంద సర్వర్లు బయటికి కనిపిస్తే వంద చోట్ల కాపలా, వంద చోట్ల హడావిడిగా ప్యాచ్‌లు. ఒక్కటే కనిపిస్తే ఆ ఒక్కదాని మీద దృష్టంతా పెట్టొచ్చు. పోర్టు 22 నుంచి 2222కి మారిస్తే భద్రత పెరుగుతుందా అని అడిగావు. లాగ్‌లో రొద తగ్గుతుంది, అంతే. వెతికేవాడికి ఆ పోర్టు కూడా దొరుకుతుంది.

అసలు ఆ 22వ పోర్టు మీద నడిచే ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరంగా ఉన్న సర్వరులోకి లాగిన్ అయ్యే పనిముట్టు, పుట్టిందే ఒక దొంగతనం వల్ల. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు పట్టే ప్రోగ్రాము పెట్టారు. టెల్నెట్, ఆర్‌లాగిన్ లాంటివి అప్పట్లో పాస్‌వర్డును ఉన్నదున్నట్టుగా నెట్‌వర్క్ మీద పంపేవి. అక్కడే పనిచేస్తున్న తాతు ఇలోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీది 21, టెల్నెట్‌ది 23, మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ విడుదల చేశారు. ఈరోజు నువ్వూ నేనూ వాడేది అదే. దారిలో ఎవడో వింటున్నాడనే అనుమానం మీద కట్టిన పనిముట్టు ఇది. ఆ అనుమానాన్ని నువ్వు జంప్ సర్వరు మీద కూడా ఉంచాలి. అది మీ సొంత సర్వరే అయినా, రేపు పరాయివాడి చేతికి పోయిందనుకునే ఏర్పాట్లు చెయ్యి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీవాళ్లంతా ముందు జంప్ సర్వరులోకి లాగిన్ అయి, అక్కడ నుంచి మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి లోపలి సర్వర్లకు వెళుతున్నారని రాశావు. చాలా ఆఫీసుల్లో ఇదే అలవాటు. దీని చిక్కేమిటంటే, రెండో లాగిన్‌కు కావలసిన ప్రైవేట్ కీ జంప్ సర్వరు మీదే ఉండాలి. కొన్నాళ్లకు అందరి హోమ్ డైరెక్టరీల్లోనూ కీలు పేరుకుంటాయి. ఆ సర్వరులో రూట్ అయినవాడికి మీ ప్రొడక్షన్ మొత్తం ఒకే చోట పోగేసి ఇచ్చినట్టే.

దీన్నుంచి తప్పించుకుందామని కొందరు ఏజెంట్ ఫార్వర్డింగ్ వాడతారు, అంటే ఎస్‌ఎస్‌హెచ్‌కు మైనస్ పెద్ద ఏ తగిలించడం. కీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది కదా అని ధైర్యం. కీ అక్కడే ఉంటుంది, నిజమే. కానీ ఆ కీతో సంతకం చేయించుకునే సాకెట్ జంప్ సర్వరు మీద తెరుచుకుంటుంది. నువ్వు లాగిన్ అయి ఉన్నంతసేపూ అక్కడ రూట్‌గా ఉన్నవాడు ఆ సాకెట్‌ను వాడుకుని, నీ పేరుతో ఇంకో సర్వరుకు వెళ్లొచ్చు. కీ దొంగిలించాల్సిన పనే లేదు. 2019 ఏప్రిల్‌లో మాట్రిక్స్ డాట్ ఆర్గ్ అనే సందేశాల సేవకు జరిగింది ఇదే. ప్యాచ్ వేయని పాత జెంకిన్స్ బిల్డ్ సర్వరు ద్వారా దాడిచేసినవాడు లోపలికి వచ్చాడు. ఆ సర్వరులోకి ఏజెంట్ ఫార్వర్డింగ్‌తో వచ్చిన డెవలపర్ సెషన్‌ను పట్టుకుని ప్రొడక్షన్‌లోకి దూరాడు. తరవాత వాళ్లే జరిగినదంతా బయటపెట్టి, ఏజెంట్ ఫార్వర్డింగ్ మీద తాము నేర్చుకున్న పాఠాన్ని దాచకుండా రాశారు. మీ టీములో ఎవరైనా మైనస్ ఏ లేకపోతే పని జరగదంటే ఆ ఉదంతం చదవమని చెప్పు.

దీనికి సరైన దారి ప్రాక్సీజంప్. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 7.3తో 2016లో వచ్చింది, ఆదేశంలో మైనస్ పెద్ద జే. అంతకుముందు ప్రాక్సీకమాండ్ అని రాసి, నెట్‌క్యాట్‌తోనో మైనస్ పెద్ద డబ్ల్యూతోనో ఇదే పని చేసేవాళ్లం. ఇందులో నీ ల్యాప్‌టాప్ ముందు జంప్ సర్వరుకు లాగిన్ అవుతుంది. తరవాత "నాకు ఫలానా సర్వరు 22వ పోర్టుకు ఒక టీసీపీ దారి తెరువు" అని మాత్రమే దాన్ని అడుగుతుంది. ఆ దారి గుండా ల్యాప్‌టాప్‌కూ చివరి సర్వరుకూ మధ్య ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ నేరుగా మొదలవుతుంది. రెండు లాగిన్లూ నీ ల్యాప్‌టాప్ నుంచే జరుగుతాయి. జంప్ సర్వరు గుండా వెళ్లేది గుప్తలిపిలో ఉన్న బైట్లు మాత్రమే. అక్కడ కీ ఉండదు, ఏజెంట్ సాకెట్ ఉండదు, నువ్వు కొట్టిన ఆదేశం కూడా కనిపించదు. పెట్టె ఖాళీగా ఉండాలన్నానే, దాన్ని సాధించే పద్ధతి ఇదే.

ఇంకో లాభం ఉంది. ఇలా వెళ్లేవాళ్లకు జంప్ సర్వరు మీద షెల్ అక్కర్లేదు. కాబట్టి ఇవ్వకు. సర్వరు వైపు కాన్ఫిగరేషన్‌లో మామూలు యూజర్ల గ్రూపుకు ఒక మ్యాచ్ భాగం రాయి. అందులో పర్మిట్‌టీటీవై నో, అలౌఏజెంట్‌ఫార్వర్డింగ్ నో, ఎక్స్11ఫార్వర్డింగ్ నో అని పెట్టు. అలౌటీసీపీఫార్వర్డింగ్‌ను లోకల్ వరకే ఉంచు. పూర్తిగా మూసేస్తే ప్రాక్సీజంప్ పనిచేయదు, ఈ తప్పు చాలామంది చేస్తారు. పర్మిట్ఓపెన్‌లో ఏయే సర్వర్ల 22వ పోర్టుకు దారి తెరవచ్చో పేరుపేరునా రాయి. అది రాయకపోతే మీ జంప్ సర్వరు గుండా డేటాబేస్ పోర్టుకూ, ఎవరో మరచిపోయిన అడ్మిన్ వెబ్ పేజీకీ కూడా సొరంగం తవ్వుకోవచ్చు. ఫోర్స్‌కమాండ్‌లో నోలాగిన్ పెడితే షెల్ అడిగినవాడికి ఖాళీ చెయ్యే. ప్రాక్సీజంప్ షెల్ అడగదు కనుక దానికేమీ ఇబ్బంది రాదు.

ఇక ల్యాప్‌టాప్ వైపు. ప్రతివాళ్లూ మైనస్ జేతో పొడుగాటి ఆదేశం కొట్టాల్సిన పనిలేదు. హోమ్ డైరెక్టరీలోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో జంప్ సర్వరుకు ఒక హోస్ట్ భాగం, లోపలి సర్వర్లకు ఒక హోస్ట్ భాగం రాసి, రెండోదానిలో ప్రాక్సీజంప్ లైను పెడితే చాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆదేశంతో పాటు ఇచ్చే ఐచ్ఛికాలు చివరి సర్వరుకే వర్తిస్తాయి, మధ్యలో ఉన్న జంప్ సర్వరుకు వర్తించవు. మైనస్ ఐ అని కీ ఇచ్చినా లోపలికి రానివ్వడం లేదని ఎవరైనా నీ దగ్గరికి వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. జంప్ సర్వరు కీని కాన్ఫిగ్ ఫైలులో రాయమను. ఒక నమూనా ఫైలు నువ్వే తయారుచేసి అందరికీ పంపు. సులువైన దారి నువ్వు చూపించకపోతే అడ్డదారి వాళ్లే వెతుక్కుంటారు.

క్లయింటు ఆఫీసుల్లో కూర్చునేవాళ్లకు 22వ పోర్టు బయటికి పోనివ్వడం లేదని రాశావు. అక్కడి హెచ్‌టీటీపీ ప్రాక్సీ గుండా కనెక్ట్ పద్ధతితో ఎస్‌ఎస్‌హెచ్‌ను పంపే ఉపాయాలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. సాంకేతికంగా అది పెద్ద కష్టం కాదు. కానీ ఆ నెట్‌వర్క్ మనది కాదు. వాళ్ల నెట్‌వర్క్ టీముకు మీ జంప్ సర్వరు చిరునామా రాసి పంపి, అనుమతి రాతపూర్వకంగా తీసుకో. నాలుగు రోజులు ఆలస్యమైతే అవనీ.

కీల సంగతి ఇప్పుడు. మనిషికో కీ, ల్యాప్‌టాప్‌కో కీ. అందరూ వాడే ప్రైవేట్ కీ ఉన్న డాట్ పెమ్ ఫైలు ఒకటి టీము వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని నువ్వు మొహమాటంగా రాశావు. అందులో కొత్తేమీ లేదు, నేను చూసిన ఆఫీసుల్లో ఇది మామూలే. కానీ దాన్ని ఆపడం నీ మొదటి పనుల్లో ఒకటి. పదిమంది ఒకే కీ వాడితే లాగ్‌లో పదిమందీ ఒకే మనిషి. ఎవరో మధ్యాహ్నం ఒక టేబుల్ చెరిపేశారు, ఎవరు అంటే జవాబు ఉండదు. అప్పుడు అనుమానం అందరి మీదా పడుతుంది, ఏ తప్పూ చేయనివాళ్ల మీద కూడా. సొంత కీ ఉండటం ప్రతి ఉద్యోగికీ రక్షణ అని నచ్చజెప్పు, వింటారు.

కొత్త కీలన్నీ ఈడీ25519 రకంలో చేయించు. పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి అను. డబ్బు పెట్టగలిగితే యూఎస్‌బీలో పెట్టే హార్డ్‌వేర్ కీలు ఇప్పించు. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి, అంటే 2020 నుంచి, వాటిని నేరుగా వాడుకోవచ్చు. రహస్య కీ వాటిని దాటి బయటికి రాదు కనుక ల్యాప్‌టాప్‌లోకి వైరస్ దూరినా దాన్ని ఎత్తుకుపోలేదు, వేలితో తాకితే తప్ప అవి సంతకం కూడా చేయవు. పాస్‌వర్డు లాగిన్ మాత్రం ఏ నెపంతోనూ ఉంచకు. పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో, పర్మిట్‌రూట్‌లాగిన్ నో. ఈ రెండు లైన్ల మీద బేరం లేదు.

ఏయే కీలను రానివ్వాలో ప్రతి సర్వరులో రాసి ఉంచే ఆథరైజ్డ్ కీస్ ఫైళ్లు పెరిగిపోయి వాటిని చూసుకోలేకపోతున్నానన్నావు. దానికి మందు సర్టిఫికెట్లు. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌లో 2010 నుంచే ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ. సర్టిఫికెట్ల మీద సంతకం చేసే సీఏ కీ ఒకటి పెట్టుకుని, ఉద్యోగి కీ మీద ఎనిమిది గంటలు చెల్లే సర్టిఫికెట్ రాసిస్తావు. సర్వర్లకు ఆ సీఏ పబ్లిక్ కీ ఒక్కటి తెలిస్తే చాలు. సాయంత్రానికి సర్టిఫికెట్ గడువు దానంతటదే తీరిపోతుంది. మనిషి ఉద్యోగం మానేస్తే రెండు వందల ఫైళ్లు వెతకక్కర్లేదు, మర్నాడు పొద్దున అతనికి కొత్త సర్టిఫికెట్ రాదు, అంతే. కానీ ఆ సీఏ ప్రైవేట్ కీని జంప్ సర్వరు మీద మాత్రం పెట్టకు. పెడితే ఖాళీగా ఉంచిన పెట్టెలో మొత్తం ఆస్తి తెచ్చి పెట్టినట్టవుతుంది. దాన్ని వేరే సర్వరులో, వేరేవాళ్ల అదుపులో ఉంచండి.

అందరూ తేలిగ్గా దాటేసే విషయం ఇంకొకటుంది. కొత్త సర్వరుకు మొదటిసారి వెళ్లినప్పుడు "ఈ హోస్ట్ కీ తెలియదు, కొనసాగాలా" అని అడుగుతుంది కదా. చదివేవాళ్లు తక్కువ, ఎస్ అని కొట్టేవాళ్లు ఎక్కువ. "హోస్ట్ కీ మారింది" అనే పెద్ద హెచ్చరిక వచ్చినా నోన్ హోస్ట్స్ ఫైలులో ఆ లైను చెరిపి ముందుకు పోతారు. మధ్యలో ఎవడైనా మీ సర్వరులా నటిస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్ నీకు చెప్పగలిగేది ఆ ఒక్క చోటే. దాన్ని వినకుండా అలవాటు చేస్తే మిగతా కట్టుదిట్టాలన్నీ సగమవుతాయి. అలాగని తప్పు జనం మీద తోయకు. సర్వరు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా హోస్ట్ కీ మారిపోతుంటే హెచ్చరిక రోజూ వస్తుంది, రోజూ వచ్చేదాన్ని ఎవరూ చదవరు. సర్వర్ల హోస్ట్ కీలకు కూడా సర్టిఫికెట్లు ఇవ్వు, లేదా సరిచూసిన నోన్ హోస్ట్స్ ఫైలును నువ్వే అందరికీ పంపిణీ చెయ్యి. అప్పుడు హెచ్చరిక అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు నీకు ఫోను కూడా వస్తుంది.

ఇక చిట్టా సంగతి. ప్రాక్సీజంప్‌లో జంప్ సర్వరుకు లోపల ఏం జరిగిందో కనిపించదని పైన చెప్పాను. అది బలం. ఆడిట్ వాళ్ల దృష్టిలో అదే లోటు. ఎవరు, ఏ కీ వేలిముద్రతో, ఏ ఐపీ నుంచి, ఎన్ని గంటలకు వచ్చారో జంప్ సర్వరు లాగ్ చెబుతుంది. ఎక్కడికి వెళ్లి ఏం చేశారనేది చివరి సర్వరు చెప్పాలి. చివరి సర్వరు లాగ్ చూస్తే అందరూ జంప్ సర్వరు ఐపీ నుంచే వచ్చినట్టు ఉంటారు. ఈ రెండు లాగ్‌లనూ కలిపేది కీ వేలిముద్రా, సమయమూ. మనిషికో కీ అని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం. అన్ని సర్వర్ల గడియారాలూ ఒకేలా నడవాలనడానికి కూడా కారణం ఇదే. రెండు సర్వర్ల మధ్య మూడు నిమిషాల తేడా ఉంటే ఆ రోజు ఏది ముందో ఏది వెనకో ఎవరూ తేల్చలేరు.

ఆదేశాలు కూడా రికార్డు కావాలని మీ ఆడిటరు అడుగుతున్నాడని రాశావు. దానికి రెండు దారులు. చివరి సర్వర్ల మీద ఆడిట్‌డీ లాంటివి పెట్టి అక్కడే రాయించడం మొదటిది. సెషన్‌ను మధ్యలో తానే విప్పి, రికార్డు చేసి, మళ్లీ లోపలికి పంపే ప్రాక్సీ పెట్టడం రెండోది. టెలిపోర్ట్ లాంటివి ఆ పని చేయగలవు. రెండోది ఎంచుకుంటే ఒక్కటి గుర్తుంచుకో, ఆ ప్రాక్సీ ఇక ఖాళీ పెట్టె కాదు. అందరి ఆదేశాలూ, అప్పుడప్పుడు టైపు చేసిన పాస్‌వర్డులూ కూడా దాని గుండా విప్పినట్టుగా పోతాయి. దానికి కాపలా అంతకు తగ్గట్టు పెంచాలి. రెండు దారులూ తప్పు కాదు. దేన్ని ఎందుకు ఎంచుకున్నారో కాగితం మీద రాసి, మీ పైవాళ్ల చేత సంతకం పెట్టించుకో.

లాగ్‌లు ఆ సర్వరులోనే ఉంచకు. లోపలికి దూరినవాడు మొదట చెరిపేది వాటినే. రాసిన క్షణమే వేరే చోటికి పోవాలి, అక్కడ నీకు కూడా చెరిపే అధికారం ఉండకూడదు. మన దేశంలో దీనికి చట్టం బలం కూడా ఉంది. సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు దేశం లోపలే భద్రపరచాలి. ఆ ఆదేశాల్లో చెప్పిన రకం సంఘటన కనబడితే ఆరు గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయ సర్వర్లతో సరిపెట్టుకోవాలి. ఆరు గంటలంటే, రాత్రి రెండింటికి కనిపెడితే పొద్దున ఆఫీసు తెరిచేలోపు ఫిర్యాదు వెళ్లిపోవాలి. ఎవరికి ఫోను చేయాలి, ఎవరు రాయాలి అనేది ఇప్పుడే తేల్చుకోండి. లాగ్‌లు ఉండటం ఒక ఎత్తు, వాటిని ఎవరైనా చూడటం ఇంకో ఎత్తు. చూడకపోతే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే అవుతుంది. వారానికొకసారి టీ తాగుతూ అయినా నీ కళ్లతో లాగ్ చదువు. ఎప్పుడూ రాని ఐపీ, ఎప్పుడూ లేని వేళ కొన్నాళ్లకు నీకే తెలుస్తాయి.

చిన్న తేడాను వదలకపోవడం ఎంత విలువైనదో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ తన పరీక్షల్లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. పోనీలే అనుకోకుండా తవ్వుకుంటూ వెళ్తే, ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. కొన్ని లినక్స్ పంపిణీల్లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వరులోకే అది చొరబడేది. స్థిరమైన పంపిణీల్లోకి పూర్తిగా పాకకముందే దొరికింది. అదే ఏడాది జులైలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ వాళ్లు ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఒక లోపం బయటపెట్టారు. 2006లో పూడ్చిన లోపమే, 2020లో చేసిన ఒక మార్పుతో తిరిగి తెరుచుకుంది. దానికి రెగ్రెషన్ (regreSSHion) అని పేరు పెట్టారు. బయటికి కనిపించేది నీ జంప్ సర్వరు ఒక్కటే కనుక ఇలాంటి వార్త వచ్చిన రోజే దానికి ప్యాచ్ పడాలి. వచ్చే నెల మెయింటెనెన్స్ దాకా ఆగే జాబితాలో దాన్ని కలపకు. ఆ సర్వరులో వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ పెట్టనివ్వకు. "ఖాళీగానే ఉందిగా, మా స్క్రిప్టు ఒకటి అక్కడ నడుపుకుంటాం" అని అడుగుతారు. ఖాళీగా ఉండటమే దాని ఉద్యోగం అని చెప్పు.

అయితే వేగంగా ప్యాచ్ వేయాలంటే ధైర్యం కావాలి, ధైర్యం రావాలంటే వెనక్కి దారి ఉండాలి. జంప్ సర్వర్లు రెండు పెట్టించు, ఒకదాని తరవాత ఒకటి మార్చు. కాన్ఫిగరేషన్ మార్చాక సేవను రీలోడ్ చేసేముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ చిన్న టీ కొట్టి తప్పులున్నాయేమో చూడు. పాత సెషన్ మూసేయకుండా కొత్త కిటికీలో లాగిన్ అయి చూడు. కొత్తది తెరుచుకున్నాకే పాతది మూసెయ్. క్లౌడ్ కన్సోల్ దారి ఒకటి అత్యవసరానికి ఉంచుకో. దాని వివరాలు ఇద్దరి దగ్గర ఉండాలి, వాడిన ప్రతిసారీ అందరికీ తెలిసేలా ఉండాలి. నువ్వు సెలవు మీద ఉన్నప్పుడు నీ ఫోను మోగకుండా ఉండాలన్నా ఈ ఏర్పాటే దిక్కు.

ఇప్పుడు మనుషులు. ఈ పనిలో ఎక్కువ తలనొప్పి వాళ్లతోనే.

ఉద్యోగం మానేసిన మనిషి అధికారం తీసేయడం మనవాళ్లు మెయిల్ ఖాతా మూసేయడంతో అయిపోయిందనుకుంటారు. నేను పనిచేసిన ఒకచోట రెండేళ్ల కింద వెళ్లిపోయినాయన కీ బ్యాకప్ ఖాతాలో ఇంకా చెల్లుతూ ఉండటం చూశాను. ఆయన మంచివాడు కనుక ఏమీ కాలేదు. మనుషుల మంచితనం మీద కట్టిన భద్రత అది. నువ్వు మూడు సంగతులు గుర్తుపెట్టుకో. లినక్స్‌లో ఖాతా పాస్‌వర్డు లాక్ చేసినంత మాత్రాన చాలాచోట్ల కీతో లాగిన్ ఆగదు. ఖాతా గడువు తీర్చాలి, కీ తియ్యాలి. కీ తీసినంత మాత్రాన అప్పటికే తెరిచి ఉన్న సెషన్ మూతపడదు, దాన్ని విడిగా తెంచాలి. సొంత ఖాతాలోనే కాదు, డిప్లాయ్, బ్యాకప్, ఒరాకిల్ లాంటి సేవా ఖాతాల్లో కూడా ఆ మనిషి కీ ఉందేమో వెతకాలి. మానవ వనరుల విభాగం నుంచి రాజీనామా సమాచారం నీకు నేరుగా వచ్చేలా అడుగు. అది నీ హక్కు.

పెద్దవాళ్లు అడ్డదారి అడుగుతారు. "నాకు ఒక్కడికీ పాస్‌వర్డుతో రానివ్వమ్మా" అని ఓ డైరెక్టరు అంటాడు. ఎదురు చెప్పడానికి భయపడకు, అలాగని వాదనకూ దిగకు. "సార్, మీ ల్యాప్‌టాప్‌లో నేనే వచ్చి అమర్చి పెడతాను, పది నిమిషాలు చాలు" అను. చాలామందికి కావాల్సింది సులువే, మినహాయింపు కాదు. పాస్‌వర్డు కాక వేరే మినహాయింపు ఏదైనా కావాలని పట్టుబడితే టిక్కెట్టు పెట్టించు, ఎన్నాళ్లకో తేదీ వేయించు, ఆ తేదీన తీసెయ్. నోటి మాట మీద తెరిచిన దారి ఎప్పటికీ మూతపడదు. వెండర్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండు. వాళ్లకు కావలసిన సర్వరుకు, కావలసిన గంటలకు మాత్రమే దారి ఇవ్వు. వెండరు కంపెనీ పేరు మీద ఒకే ఖాతా ఇవ్వమంటే ఒప్పుకోకు, మనిషి పేరు అడుగు.

నీ విషయంలో కూడా ఇదే నియమం. జంప్ సర్వరు నీ చేతిలో ఉందని నీ కీకి పర్మిట్ఓపెన్ పరిమితి ఎత్తేసుకోకు. రోజువారీ పనికి మామూలు ఖాతా, సర్వరు నడపడానికి వేరే ఖాతా పెట్టుకో. రేపు ఏదైనా జరిగి అందరి లాగ్‌లూ తీసినప్పుడు అందరికంటే ముందు నీ లెక్క శుభ్రంగా కనిపించాలి. తాళాలు చేతిలో ఉన్నవాళ్ల మీదే మొదట అనుమానం వస్తుంది, అందులో అన్యాయం కూడా ఏమీ లేదు.

ఇవన్నీ ఒక్క నెలలో అవ్వవు. తొందరపడి అన్నీ ఒకేసారి మారిస్తే జనం తిరగబడతారు, నువ్వు చేసిన మంచి పని కూడా వెనక్కి పోతుంది. ముందు ప్రాక్సీజంప్ నమూనా ఫైలు పంచు, రెండు వారాలు అందరికీ సాయం చెయ్యి. అది అలవాటయ్యాక షెల్ మూసెయ్. తరవాత లాగ్‌లు బయటికి పంపించు. సర్టిఫికెట్లు ఆఖరున. ప్రతి మార్పుకూ వారం ముందు మెయిల్ పెట్టు, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పు. కారణం తెలిస్తే మనవాళ్లు సహకరిస్తారు, హుకుం అంటేనే మొండికేస్తారు.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. ఈ సోమవారం అన్ని సర్వర్ల ఆథరైజ్డ్ కీస్ ఫైళ్లూ తెప్పించి, ఒక్కో లైనుకు ఎదురుగా ఆ కీ ఎవరిదో పేరు రాయి. పేరు దొరకని లైన్ల జాబితాను మీ మేనేజరుకు చూపించి, గడువు చెప్పి, ఆ గడువు దాటగానే తీసెయ్. ఎవరైనా అరిస్తే ఆ కీ యజమాని దొరికినట్టే, అతనికి కొత్త కీ ఇవ్వు. ఎవరూ అరవకపోతే ఆ కీ అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు.

ఇట్లు
నీ మావయ్య